స్పానిష్ పంతులు అనుభవాలు

ముప్ఫయ్యేళ్ళకు పైగా స్పానిష్ భాషా సాహిత్యాలు పిల్లలకు చెప్పి, ఇప్పుడు సొంత ఊరు గుడియాత్తం చేరి కూర్చున్న పంతుల్ని నేను. "మన గుడియాత్తంలో స్పానిష్‌తో ఏం పని?" అని మీకు అనిపిస్తే అది సహజమే. ఆ ప్రశ్న మొట్టమొదట వేసింది మా అవ్వ. ఆ తర్వాత పెళ్ళిళ్ళలో పక్క ఆకు ముందు కూర్చున్నవాళ్ళు, బస్సులో పక్క సీటువాళ్ళు అడుగుతూనే వచ్చారు. ఈరోజు దానికి జవాబు చెప్పే ప్రయత్నం చేస్తాను. దాంతోపాటు నేను చేసిన ఒక పొరపాటు కూడా చెప్పుకోవాలి. నిజానికి ఆ పొరపాటు కోసమే ఈ ప్రసంగానికి ఒప్పుకున్నాను.

గుడియాత్తం తెలియనివారికి ఒక మాట. వేలూరుకు పడమరగా, కౌండిన్య నది ఒడ్డున ఉంటుంది మా ఊరు. ఆ నది చిత్తూరు జిల్లా కొండల్లో పుట్టి, మా ఊరి మీదుగా వచ్చి పాలారులో కలుస్తుంది. అందులో నీళ్ళు ఎప్పుడు పారతాయన్నది వేరే సంగతి. లుంగీలు, అగ్గిపెట్టెలు, బీడీలు మా ఊరి పేరు చెప్పుకుని బతికాయి, ఊరు వాటి పేరు చెప్పుకుని బతికింది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మేమూ చిత్తూరూ ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లా. అందుకని మా ఇంట్లో తెలుగు, బడిలో, వీధిలో తమిళం, వెనక సందులో ఉర్దూ. పాలవాడితో ఒక భాష, పలక మీద ఒక భాష, గోలీలాటలో ఒక భాష. ఇదొక విద్య అని ఆ రోజుల్లో మాకు తెలియదు. అందరూ ఇలాగే ఉంటారనుకున్నాం.

స్పానిష్ వైపు నన్ను తిప్పింది వేలూరు కోట. మా పెద్దలు ఆ ఊరిని రాయవేలూరు అనేవారు. ఎందుకు రాయవేలూరు అని నేను చిన్నప్పుడు అడిగితే, "రాయలు ఏలినాడు కాబట్టి" అని ఊరుకున్నారు. ఏ రాయలు, ఎప్పుడు అని చెప్పినవారు లేరు. కోట చూడబోతే 1806 నాటి సిపాయిల తిరుగుబాటు గురించి చెబుతారు, జలకంఠేశ్వరుడి గుడి కల్యాణమంటపం చూపిస్తారు, అంతే. కాలేజీ రోజుల్లో గ్రంథాలయంలో ఒక లావుపాటి పుస్తకం దొరికింది. విజయనగరాన్ని ఏలిన అరవీటి వంశం మీద ఇంగ్లీషులో రాసింది, 1927లో అచ్చయినది. రాసినాయన పేరు హెన్రీ హెరాస్. బార్సిలోనాలో పుట్టిన జెస్యూట్ పాదిరి. 1922లో బొంబాయి సెయింట్ జేవియర్స్ కళాశాలకు చరిత్ర చెప్పడానికి వచ్చి, 1955లో అక్కడే కన్నుమూశాడు. ఆయన పేర మన తపాలా శాఖ 1981లో ఒక బిళ్ళ కూడా వేసింది.

రక్కసి తంగడి యుద్ధం 1565లో జరిగింది కదా. ఆ తర్వాత విజయనగరం పాడుపడిందని మనం పాఠాల్లో చదివి పుస్తకం మూసేస్తాం. హెరాస్ అక్కడ మొదలుపెట్టాడు. పెనుగొండ, చంద్రగిరి, ఆఖరికి వేలూరు, ఇలా జరుగుతూ వచ్చిన తెలుగు రాజుల కథ అది. అందులో నన్ను పట్టుకున్న సంగతి ఒకటుంది. 1580 నుంచి 1640 దాకా పోర్చుగల్ కిరీటం స్పెయిన్ రాజు తలమీదే ఉండేది. గోవాలో ఉన్నది పోర్చుగీసువారే అయినా వారి ప్రభువు స్పెయిన్‌లో కూర్చున్న మూడవ ఫిలిప్పు. ఆ ఫిలిప్పుకూ మన వేంకటపతిరాయలకూ మధ్య ఉత్తరాలు నడిచాయి! నేను రోజూ బస్సు దిగి దాటిపోయే కోటకు, అంత దూరాన ఉన్న రాజుగారి దగ్గరనుంచి ఉత్తరం వచ్చిందంటే ఇరవై ఏళ్ళవాడికి ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

1614లో వేంకటపతిరాయలు పోయాక జరిగిన ఘోరం గురించి కూడా అలాంటి ఉత్తరమే ఒకటుంది. బర్రాదాస్ అనే పోర్చుగీసు పాదిరి 1616లో రాశాడు. రాజుగా కూర్చున్న శ్రీరంగరాయల్ని జగ్గరాయుడు పట్టి చెరలో పెట్టడం, కుటుంబంతో సహా చంపించడం, వెలుగోటి యాచమనాయుడు ఒక పసివాణ్ణి మాత్రం చాకలివాడి మాసిన బట్టల మూటలో బయటికి దాటించడం, ఇదంతా ఆ ఉత్తరంలో ఉంది. ఆ పసివాడే తర్వాత రామదేవరాయలయ్యాడు. రాబర్ట్ స్యూయెల్ ఆ ఉత్తరాన్ని ఇంగ్లీషు చేసి 1900లో అచ్చు వేశాడు. అందులో మన యాచమనాయుడి పేరు "ఎచమ నాయిక్" అని ఉంటుంది. ఇంగ్లీషు మాత్రమే తెలిసినవాడికి అది ఒక వింత పేరు. తెలుగువాడికి అది యాచముడు. ఇలాంటి కాగితాలు రెండు వైపులా తెలిసినవాడి కంటికే పూర్తిగా కనబడతాయని నాకప్పుడు తోచింది. పోర్చుగీసు నేర్పేవారు నాకు దొరకలేదు. స్పానిష్ నేర్పేవారు ఢిల్లీలో ఉన్నారని తెలిసింది. రెండూ దగ్గరి చుట్టాలే కదా అని బయలుదేరాను.

"ఎన్ని దినాలు చదవాల రా? మగ్గానికి మనిషి కావద్దా?" అన్నాడు మా నాయన. ఆయన లుంగీలు నేసేవాడు. అయినా డబ్బు సర్దాడు.

1970లలో ఢిల్లీలో మా చదువంతా ఇంగ్లీషు మీదుగా సాగింది. అధ్యాపకులు మంచివారు, కష్టపడి చెప్పేవారు. స్పానిష్ వాక్యం నల్లబల్ల మీద రాసి, దాని అర్థం ఇంగ్లీషులో, వ్యాకరణం ఇంగ్లీషులో చెప్పేవారు. నేనూ అలాగే నేర్చుకున్నాను. తర్వాత దక్షిణాదిలో ఒక కళాశాలలో ఉద్యోగం వచ్చాక అలాగే చెప్పాను. తమకు ఎలా వచ్చిందో పిల్లలకూ అలాగే ఇస్తారు పంతుళ్ళు. అప్పడాల పిండి కలిపినట్టు, కొలత మారదు.

నా పొరపాటు అక్కడ జరిగింది.

మూడో ఏడో, నాలుగో ఏడో, పలమనేరు వైపునుంచి ఒక అబ్బాయి చేరాడు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. మొహమాటం ఎక్కువ, బుర్ర చురుకు. "మె గుస్తా ఎల్ కాఫె" అనే వాక్యం చెబుతున్నాను. "నేను కాఫీని ఇష్టపడతాను" అనడానికి స్పానిష్‌లో వాడే మాట. ఆ అబ్బాయి లేచి, "సార్, ఇంగ్లీషులో 'ఐ' అని ఉంది గదా, ఇక్కడ 'నేను' అనే మాట ఎక్కడ పోయింది? ఈ 'మె' ఏంది?" అని అడిగాడు. మంచి ప్రశ్న. నేను ఢిల్లీలో నేర్చుకున్న సమాధానం ఇంగ్లీషులో అప్పజెప్పాను. కాఫీ కర్త, మనిషి కర్మ, కాఫీ మనిషిని సంతోషపెడుతుంది అని తలకిందులుగా వివరించాను. నాకే నవ్వొచ్చేంత వంకర వివరణ. ఆ అబ్బాయి తల ఊపి కూర్చున్నాడు. అలాంటి తల ఊపుడు పంతుళ్ళకు బాగా తెలుసు. దసరా సెలవులకు వెళ్ళినవాడు మళ్ళీ తరగతికి రాలేదు. "స్పానిష్ నా వల్ల కాదు" అన్నాడట స్నేహితుడితో. నేను పెద్దగా పట్టించుకోలేదు. ఏటా ఇద్దరు ముగ్గురు మానేసేవారే.

ఇంకో రెండేళ్ళకు సెలవుల్లో గుడియాత్తం వచ్చాను. మా అవ్వ అరుగు మీద కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటోంది. "ఏమిరా అబ్బోడా, నువ్వు చెప్పే ఆ దేశపోళ్ళకి కాలు నొస్తే ఏమని చెప్పుకుంటారు?" అని అడిగింది. నేను అలవాటుగా "మె ద్వెలె లా పియెర్నా" అన్నాను. "అంటే?" అంది. మాటకు మాట చెప్పబోయాను. మె అంటే నాకు. ద్వెలె అంటే నొస్తుంది. లా పియెర్నా అంటే కాలు. నాకు నొస్తుంది కాలు. అవ్వ "మరి మేమూ అట్లే గదరా అంటాము" అంది.

నేను అక్కడే కూర్చుండిపోయాను. రెండు కాళ్ళూ నొస్తే "మె ద్వెలెన్ లాస్ పియెర్నాస్" అనాలి, క్రియ బహువచనంలోకి మారుతుంది. ఎందుకు మారుతుందని ఏళ్ళ తరబడి ఇంగ్లీషులో గింజుకుంటూ చెప్పాను. మా అవ్వ "కాళ్ళు నొస్తా ఉండాయి" అంటుంది. నొప్పి పడేది తానే అయినా క్రియ కాళ్ళ వెంట పోతుంది. స్పానిష్‌లో జరిగేదీ అదే. మె గుస్తా ఎల్ కాఫె అంటే "నాకు కాఫీ ఇష్టం." అంతే! ఆ పలమనేరు అబ్బాయికి నేను చెప్పవలసింది ఈ రెండు ముక్కలు. అతని తెలుగులోనే ఉన్న సమాధానాన్ని నేను ఇంగ్లీషు గుండా తిప్పి, గుర్తు పట్టలేకుండా చేసి అతని చేతికిచ్చాను.

ఆ సెలవుల తర్వాత నా పాఠం మారింది. ఒక్కొక్కటే తీసి చూసుకుంటూ పోయాను. స్పానిష్‌లో క్రియ చివర చూస్తే ఎవరు చేశారో తెలుస్తుంది, కర్తను విడిగా చెప్పనక్కరలేదు. "వచ్చాను" అంటే నేనే కదా, మనకు అదేం కొత్త? నువ్వు, మీరు అన్నట్టే తు, ఉస్తెద్ అని రెండు మాటలున్నాయి. ఇంగ్లీషులో ఒకటే ఉండడం వల్ల అక్కడి పుస్తకాలు దీనికి రెండు పేజీలు ఖర్చు పెడతాయి. మన పిల్లలకు ఒక్క వాక్యం చాలు. మేనమామను ఏమంటావు, తమ్ముణ్ణి ఏమంటావు అని అడిగితే సరి.

స్పానిష్ నేర్చుకునేవాళ్ళందరినీ ఏడిపించేది 'ఉండు' అనే క్రియ. అక్కడ దానికి రెండు రూపాలు, సెర్ అనీ ఎస్తార్ అనీ. ఎక్కడ ఏది వాడాలో పెద్ద చర్చ. తెలుగులో "ఆమె టీచరు" అంటాం, క్రియే ఉండదు. "ఆమె ఇంట్లో ఉంది" అంటాం, ఉంది వస్తుంది. మనం 'ఉంది' మింగేసేచోట సెర్, పలికేచోట ఎస్తార్ అని చెప్పి చూశాను. "నీళ్ళు వేడిగా ఉన్నాయి", ఎస్తార్. "అతను మా అన్న", సెర్. నూటికి నూరుపాళ్ళు కుదరదు. "ఇల్లు పెద్దదిగా ఉంది" అన్నచోట బోల్తా పడతాం, అక్కడ వాళ్ళు సెర్ వాడతారు. కానీ మొదటి నెలలో పిల్లవాడు నిలదొక్కుకోవడానికి ఆ కొయ్య చాలు. తర్వాత అదే వదిలేస్తాడు.

ఉచ్చారణ సంగతికి వస్తే మా ఊరి పిల్లలు అదృష్టవంతులు. స్పానిష్ అచ్చులు అయిదూ మన అ, ఎ, ఇ, ఒ, ఉ. త, ద లు మన దంత్యాలే. 'పెరొ' అంటే కానీ, 'పెఱ్ఱొ' అంటే కుక్క. ఈ బరువైన ర కోసం నాలుక తిరగక పరదేశాల విద్యార్థులు అవస్థ పడతారు. మన పెద్దలు గుఱ్ఱం అని శకటరేఫంతో రాసిన అక్షరాన్ని గట్టిగా పలికితే వచ్చేస్తుంది. 'నిఞొ' అంటే పిల్లవాడు. ఆ ఞ మన తెలుగులో ఒంటరిగా నిలబడదు గాని, తమిళంలో ఆదివారాన్ని ఞాయిఱు అనే పిల్లలకు అది నాలుక చివరే ఉంటుంది. గొంతులోనుంచి వచ్చే ఖ ఒకటుంది. దానికి మా వెనక సందు ఉర్దూ పిల్లలు గురువులు. ఖబర్ అని వాళ్ళెలా అంటారో వినమని చెప్పేవాణ్ణి. బల్లకూ పుస్తకానికీ కూడా లింగభేదం ఉంటుందంటే తెలుగు పిల్లలు నవ్వుతారు, ఉర్దూ పిల్లలు నవ్వరు. వాళ్ళకు మేజ్ స్త్రీలింగమే. స్పానిష్ మెసా కూడా స్త్రీలింగమే. పుస్తకం దగ్గర మాత్రం వాళ్ళూ తడబడతారు. కితాబ్ స్త్రీలింగం, లీబ్రొ పుంలింగం.

ఇక మాటల ప్రయాణం చెబితే తరగతిలో నిద్రపోయేవాడు కూడా లేచి కూర్చుంటాడు. అరబ్బులు స్పెయిన్‌లో 711 నుంచి 1492 దాకా ఏదో ఒక భాగాన్ని ఏలారు. మన శర్కర పారశీకం, అరబ్బీల మీదుగా అక్కడికి చేరి అసూకర్ అయింది. చతురంగం అఖెద్రెస్ అయింది. కర్పూరం అల్కన్‌ఫోర్ అయింది. నరన్ఖా అంటే ఏమిటో చెప్పమని నేను తరగతిలో అడిగేవాణ్ణి. కాసేపాగి ఎవరో ఒకరు "నారింజ!" అని అరుస్తారు. ఆ అరుపు కోసమే అడిగేవాణ్ణి. ఇటువైపు ఓడల్లో పోర్చుగీసువారితో దిగిన మాటలూ తక్కువ కాదు. మన అలమారా, సబ్బు, తువాలు, పాదిరి, మేస్త్రీ అన్నీ అలా వచ్చినవే. స్పానిష్ మయెస్త్రొ, మన మేస్త్రీ అన్నదమ్ములు. అక్కడ బడిపంతుల్నీ అదే మాటతో పిలుస్తారు. మా ఇంటికి గోడ కట్టిన మేస్త్రీతో ఈ సంగతి చెబితే, "అయితే మీరూ మేస్త్రీయే సార్" అని కూలి తగ్గించకుండానే గౌరవించాడు.

అన్నీ ఇలా కుదురుతాయని చెబితే మిమ్మల్ని మోసం చేసినవాణ్ణవుతాను. కోరిక, సందేహం, భయం చెప్పేటప్పుడు స్పానిష్ క్రియ వేరే వేషం వేస్తుంది. దానికి మన దగ్గర సరైన జోడు లేదు. అక్కడ కష్టపడవలసిందే. ఇంగ్లీషును దూషించడం కూడా నా ఉద్దేశం కాదు. హెరాస్ పుస్తకం నాకు అందింది ఇంగ్లీషు వల్లే. దగ్గరి దారి ఉన్నచోట చుట్టుదారి పట్టించవద్దంటున్నాను, అంతే.

సాహిత్యం చెప్పేటప్పుడు పెద్ద పుస్తకాలతో మొదలుపెట్టకూడదని కూడా ఆలస్యంగానే తెలుసుకున్నాను. సెర్వాంతెస్ రాసిన దోన్ కిఖోతె మొదటి భాగం 1605లో వచ్చింది, అంటే మన వేంకటపతిరాయలు బతికి ఉండగా. ఆ మాట చెప్పి ఊరించి, చేతికి మాత్రం 1554లో వచ్చిన లాసరియ్యొ కథ ఇచ్చేవాణ్ణి. ఎవరు రాశారో పేరు లేని చిన్న పుస్తకం. ఒక గుడ్డి బిచ్చగాడు, వాడికి దారి చూపే కుర్రవాడు. ఒకరోజు ఒక ద్రాక్షగుత్తి దొరుకుతుంది. ఒక్కొక్క పండే తిందామని ఒప్పందం. గుడ్డివాడు మధ్యలో రెండేసి తినడం మొదలుపెడతాడు. కుర్రవాడు చూసి, తాను మూడేసి లాగిస్తాడు. గుత్తి అయిపోయాక గుడ్డివాడు "నువ్వు మూడేసి తిన్నావు" అంటాడు. ఎలా తెలిసిందయ్యా అంటే, "నేను రెండేసి తింటూంటే నువ్వు నోరెత్తలేదు కదా" అంటాడు. తెనాలి రామలింగడి కథలు విని పెరిగిన పిల్లలకు దీని రుచి వేరే చెప్పాలా? ఆ నవ్వు అయ్యాక ఆకలి గురించి మాట్లాడేవాళ్ళం. ఆ పుస్తకం నిండా ఉన్నది ఆకలే.

అటువైపువారు మనల్ని చదివిన సంగతీ చెప్పేవాణ్ణి. హువాన్ రామోన్ హిమెనెస్, ఆయన భార్య సెనోబియా కలిసి టాగూరును స్పానిష్‌లోకి తెచ్చారు. మొదటిది 1915లో వచ్చింది. మెక్సికో కవి ఒక్తావియొ పాస్ 1962 నుంచి 1968 దాకా ఢిల్లీలో రాయబారి. తన దేశంలో విద్యార్థుల మీద కాల్పులు జరిపినందుకు నిరసనగా ఆ పదవి వదిలేశాడు. మనవాళ్ళలో పి.వి. నరసింహారావుగారికి స్పానిష్ వచ్చునన్నది అందరికీ తెలిసిందే.

"ఏం పని?" అన్న ప్రశ్నకు తిండి పెట్టే జవాబు కూడా ఉంది. ఇరవై దేశాల్లో అది అధికార భాష. దాదాపు యాభై కోట్లమందికి తల్లిభాష. అంత దూరం పోనక్కరలేదు, అనంతపురం చూడండి. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అక్కడికి వచ్చి, 2009లో పోయేదాకా అక్కడే ఉన్నాడు. ఆయన పెట్టిన ఆర్.డి.టి. సంస్థకు స్పెయిన్‌లో వేలమంది దాతలు. ఊళ్ళలో తెలుగు పిల్లలు రాసిన ఉత్తరం స్పానిష్‌లోకి, అటునుంచి వచ్చిన జవాబు తెలుగులోకి మారాలి. మధ్యలో ఇంగ్లీషు లేకుండా ఆ పని చేయగలిగినవారు ఎంత విలువైనవారో! పల్లెల పట్టభద్రులకు స్పానిష్, ఫ్రెంచి, జర్మన్ నేర్పే బడిని కూడా ఆ సంస్థే నడుపుతూ వచ్చింది. మా వేలూరులో 1984లో ఇంజనీరింగు కళాశాలగా మొదలైన వీఐటీలో కూడా స్పానిష్ ఐచ్ఛికంగా చెబుతున్నారు. అక్కడ తెలుగు పిల్లలకు కొదవలేదు. వాళ్ళలో ఎంతమందికి "నాకు ఇష్టం" అనే తాళంచెవి అందిందో అని అప్పుడప్పుడు అనుకుంటాను.

పదవీ విరమణ తర్వాత ఒకరోజు గుడియాత్తం మార్కెట్టు దగ్గర టమాటా పెట్టెలు దింపుతున్న లారీ పక్కన ఒకాయన నన్ను చూసి ఆగాడు. నెరిసిన మీసం. "సార్, మీరు నాకు స్పానిష్ చెప్పినారు. నేను మధ్యలో నిలిపేసినాను" అన్నాడు. పలమనేరు అబ్బాయి! టమాటా వ్యాపారంలో స్థిరపడ్డాడు. నేను క్షేమసమాచారాలు కూడా అడక్కుండా, "ఆ 'మె గుస్తా' గుర్తుందా నీకు?" అన్నాను. నవ్వి, "గుర్తుండకుండా పోతుందా సార్, దాని దగ్గరే గదా నిలిచిపోయింది" అన్నాడు. "అది 'నాకు ఇష్టం' అయ్యా, అంతకన్నా ఏమీ లేదు" అన్నాను. అతను కాసేపు పెదవులు కదిపి చూసుకున్నాడు. "ఆ మాట అప్పుడే చెప్పుండొచ్చు గద సార్" అన్నాడు. కోపంగా అనలేదు. "నాకూ అప్పటికి తెలియదయ్యా" అన్నాను. లారీ డ్రైవరు హారను కొట్టాడు. వద్దన్నా వినకుండా నా సంచీలో రెండు కిలోల టమాటాలు పోసి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఆదివారం ఉదయం మా అరుగు మీద నలుగురైదుగురు పిల్లలు కూర్చుంటారు. నల్లబల్ల ఒక పక్క తెలుగు, ఒక పక్క తమిళం, మధ్యలో స్పానిష్. మొన్న 'ఒఖలా' అనే మాట చెప్పాను. దేవుడు తలిస్తే అనే అరబ్బీ మాటే స్పెయిన్‌లో అలా మారింది. ఉర్దూ ఇంటి పిల్ల "ఇన్షాల్లా!" అని ముందే అనేసింది. తెలుగులో ఏమంటామని మిగిలినవారిని అడిగాను. నేతవాళ్ళ అమ్మాయి ఒకతె ఎండిపోయిన కౌండిన్య వైపు చూసి, "వాన పడితే బాగుణ్ణు" అంది. "ఒఖలా యువెవా" అని రాసి చూపించాను. పలక తీసుకుని తనూ రాసుకుంది.